మన విమానాలు మనకిచ్చేయాలంట!

మా ఆఫీసు తెలుగువాళ్ళ వాట్సాప్ గుంపులో పోయిన వారం ఒక ఫోటో తిరిగింది. రెండంతస్తుల రెక్కలున్న పాతకాలం విమానం ఒకటి పచ్చిక మైదానం మీద ఎగురుతోంది. కింద వ్యాఖ్యానం: ఇది మన రాజస్థాన్ కోటలోంచి ఇంగ్లీషువాళ్ళు ఎత్తుకుపోయిన విమానం, కోహినూరు లాగే ఇదీనూ, సిగ్గుంటే వెనక్కివ్వాలి, నిజమైన భారతీయుడివైతే పదిమందికి పంపు. గంటలో గుంపు నిండా బొటనవేళ్ళు, ఎర్ర మొహాలు. ఒకాయనైతే (నాకంటే సీనియరు, ఆర్కిటెక్టు, మనిషి మంచివాడే) "మన హెరిటేజ్ మొత్తం వాళ్ళ మ్యూజియాల్లోనే ఉంది బ్రదర్" అని నిట్టూర్చాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇంగ్లీషువాళ్ళ మీద కాదు. ఆ విమానం కథ తెలిసినవాడెవడూ ఆ ఎర్ర మొహం నొక్కడు. నొక్కితే గిక్కితే అద్దంలో చూసుకుని నొక్కాలి.

కథ ఇదీ. దాని పేరు డి.హెచ్.9. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బాంబరు. మన భాషలో చెప్పాలంటే అదొక ఎస్కలేషన్ ప్రాజెక్టు. 300 హార్స్‌పవర్ ఇస్తుందని చెప్పిన ఇంజను తీరా చూస్తే నమ్మకంగా ఇచ్చింది 230. అంతకు ముందున్న డి.హెచ్.4 కంటే ఇది నాసిరకం రా బాబూ అని ఫ్రాన్సులో విమానదళాలకి అధిపతిగా ఉన్న ట్రెంచార్డ్ 1917లోనే మొత్తుకున్నాడు. అప్పటికే ఆర్డర్లు వెళ్ళిపోయాయి, ఫ్యాక్టరీలు తయారై కూర్చున్నాయి, ఇప్పుడు ఆపితే ఏమీ రాదు కాబట్టి కానివ్వండి అన్నారు. (ఎక్కడో విన్నట్టుందా?) 4 వేలకు పైగా తయారుచేశారు. తర్వాత అదే విమానానికి 400 హార్స్‌పవర్ అమెరికా లిబర్టీ ఇంజను పెట్టి డి.హెచ్.9ఎ అని బాగుచేసుకున్నారు. యుద్ధం అయిపోయింది, గోడౌన్ల నిండా విమానాలు మిగిలాయి. సామ్రాజ్యంలోని దేశాలకి తలా కొన్ని బహుమతి అని పంచారు. మన దేశానికి 100 వచ్చాయి. వాటిలో కొన్ని సంస్థానాలకి చేరాయి, బికనీరు మహారాజా గంగాసింగ్ గారికీ కొన్ని అందాయి.

బికనీరులో వాటిని జునాగఢ్ కోటలో ఏనుగులు కట్టేసే కొట్టంలో పెట్టారు. పెట్టినవి పెట్టినట్టే ఉండిపోయాయి. రాజులు పోయారు, ఏనుగులు పోయాయి, చెదలు మాత్రం వాటి పని అవి చేసుకున్నాయి. 1990ల్లో ఇంగ్లండునుంచి వచ్చిన ఒక యాత్రికుడి కంట పడ్డాయి. ఆ కబురు పాత విమానాలు బాగుచేసే గై బ్లాక్ అనే ఆయన దాకా చేరింది. ఆయన వచ్చాడు, చూశాడు, మాట్లాడుకున్నాడు, 2000లో రెండింటి అవశేషాలు ఇంగ్లండు చేరాయి. అప్పటికి ఆ రకం విమానం బ్రిటన్లో ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు, తయారుచేసిన దేశంలోనే లేదు! ఒకటి 2007లో డక్స్‌ఫర్డ్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో నిలబడింది. రెండోది 2019 మేలో గాల్లోకి లేచింది. మన గుంపులో తిరిగిన ఫోటో దానిదే. మూడోది ఇప్పటికీ జునాగఢ్ కోట మ్యూజియంలోనే ఉంది. ఎర్ర మొహం పెట్టినవాళ్ళలో అది చూసినవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాను. ఎవరూ పలకలేదు. పిమ్మట ఎవరో గుడ్ మార్నింగ్ పెట్టారు.

బాగుచెయ్యడం అంటే ఏమిటో మన గుంపులకి అర్థమైనట్టు లేదు. రంగేసి నిలబెట్టడం అనుకుంటున్నారు. కొంచెం ఊహించండి: డాక్యుమెంటేషన్ సగం లేదు. రాసినవాళ్ళందరూ చచ్చిపోయారు. కంపైలరు ఇప్పుడు దొరకదు. చేతిలో ఉన్నది చెదలు తిన్న చెక్క, తుప్పు పట్టిన ఇనప బిళ్ళలు. ఆ బిళ్ళలే అసలు ఆస్తి. ఎందుకంటే చెక్క పోయినా, చెక్కలు కలిసే చోట బిగించిన ఆ బిళ్ళలు ఏ కోణంలో ఏ దూళం వచ్చి ఎక్కడ కలిసేదో చెప్తాయి. చిల్లు ఎక్కడుందో చూసి బోల్టు లావెంతో చెప్పొచ్చు. పాడైన ముక్కని పారెయ్యరు, దాన్ని అచ్చుగా పెట్టుకుని కొత్తది కోస్తారు. రెక్కల మీద కప్పేది నారగుడ్డ. దాన్ని బిగించి కుట్టి, మీద డోప్ అనే ద్రవం పూస్తే అది డప్పు తోలులా బిగుసుకుంటుంది. ఇదంతా చేసి ఊరుకుంటే మ్యూజియంలో పెట్టడానికే పనికొస్తుంది. ఎగరాలంటే ప్రతి అతుకూ ఎలా చేశారో కాగితం మీద చూపించి అనుమతి తెచ్చుకోవాలి. రెండోదానికి కొట్టంలోంచి ఆకాశంలోకి 19 ఏళ్ళు పట్టింది.

దాన్ని దోపిడీ అంటారా? మనం చెదలకి వడ్డించినదాన్ని వాళ్ళు విమానం చేశారు.

"వాళ్ళకి డబ్బులున్నాయి సార్" అన్నది తర్వాతి వాదన. ఇది మనలాంటివాళ్ళు అనాల్సిన మాటేనా? బికనీరు విమానాలు డబ్బున్నవాళ్ళ పనే, ఒప్పుకుంటా. మరి మిగతావి? రెండో యుద్ధంలో హాలిఫాక్స్ అనే బాంబర్లు 6 వేలకు పైగా చేశారు. యుద్ధం కాగానే అన్నిటినీ తుక్కు కింద అమ్మేశారు. స్కాట్లండు దగ్గర ఒక ద్వీపంలో ఒక రైతు దాని మొండెం ముక్కని కోళ్ళగూడుగా వాడుకున్నాడు. యార్క్‌షైర్లో కొందరు వలంటీర్లు ఆ కోళ్ళగూడుని తెచ్చి, వేరే రకం విమానం రెక్కలు తగిలించి, దొరకని సామాను చేతితో తయారుచేసి, 1996కి ఎల్వింగ్టన్ మ్యూజియంలో హాలిఫాక్స్‌ని నిలబెట్టారు. స్టిర్లింగ్ అనే నాలుగింజన్ల బాంబరైతే ప్రపంచంలో పూర్తిగా ఒక్కటీ మిగల్లేదు. 2300 పైచిలుకు తయారైన రకం! దాని ముందు భాగాన్నైనా మళ్ళీ కట్టాలని ఇంగ్లండులో కొందరు వలంటీర్లు ముక్క ముక్క పోగేస్తున్నారు. ఇలాంటి షెడ్లలో పనిచేసేవాళ్ళలో చాలామంది రిటైరైన ఫిట్టర్లూ మాస్టార్లూ. మన పదేళ్ళ అనుభవం ఉన్న కుర్రాడి స్టాక్ ఆప్షన్లు వాళ్ళు కలలో కూడా చూసుండరు.

కాబట్టి డబ్బు కాదు. తీరిక కూడా కాదు, శనివారం పొద్దున బెంగుళూరు మాల్‌లో పార్కింగ్ కోసం తిరిగే తీరిక మనకుంది. అసలు విషయం ఏంటంటే మనకి మెయింటెనెన్స్ అంటే నామోషీ. కొత్త డెవలప్‌మెంట్ ప్రాజెక్టు ఇస్తే అల్లుడి హోదా. సపోర్ట్ ప్రాజెక్టులో వేస్తే ఇంట్లో చెప్పుకోం, పెళ్ళి సంబంధాల దగ్గర అసలు చెప్పుకోం. ముప్ఫై ఏళ్ళుగా మన ఊళ్ళలో మేడలు లేచింది ఎవరో అమెరికావాడు 1970ల్లో రాసిన కోబాల్‌ని పడిపోకుండా పట్టుకున్న డబ్బుతో, వై2కే దగ్గర్నుంచీ! అయినా మనకి ఆ పని మీద గౌరవం లేదు. దీనికి మూలం ఆఫీసులో లేదు, ఇంట్లో ఉంది. చేత్తో పని చేసేవాడు కింద, చేయించేవాడు పైన. కంసాలి, కమ్మరి, వడ్రంగి పనివాళ్ళు. మనం ఇంజనీర్లం. ఆయుధపూజ రోజు సర్వర్ రూముకి గుమ్మడికాయ కొడతాం, కీబోర్డుకి కుంకుమ పెడతాం, స్క్రూడ్రైవరు పట్టుకోవాల్సొస్తే ఫెసిలిటీస్‌కి టికెట్ రేజ్ చేస్తాం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. ఇలాంటి పని మనవాళ్ళు చెయ్యలేరని కాదు. చేశారు. పోగుపడిన బాంబర్ల తుక్కులోంచి ఒక వాయుసేనకి దళాలు తయారుచేసి ఇచ్చారు, అదీ మనకి కూతవేటు దూరంలో.

మాది గుడిబండ. (రెండున్నాయి. ఒకటి చిక్కబళ్ళాపుర జిల్లాలో ఉంది, కోటకొండ చూడ్డానికి బెంగుళూరు జనం బైకుల మీద పోయేది అక్కడికి. మాది మడకశిర పక్కన, నిన్నటిదాకా అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా.) మావైపు చదువుకైనా జబ్బుకైనా ఉద్యోగానికైనా బెంగుళూరే. హిందూపురంలో రైలెక్కితే గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపురం, యలహంక. ఆ యలహంకలో, ఇప్పుడు మనం ఏరో ఇండియాకి పాసుల కోసం కొట్టుకుచచ్చే ఆ రన్‌వే దగ్గర, 1944లో ఆర్.ఏ.ఎఫ్. 45వ స్క్వాడ్రన్ మస్కిటో బాంబర్లకి మారి తర్ఫీదు పొందింది. అటుపక్క కోలారు. 1944 నవంబరులో లిబరేటర్ బాంబర్లతో 358వ స్క్వాడ్రన్ పుట్టింది అక్కడే. బెంగుళూరులో 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ పెట్టిన హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీని యుద్ధంలో అమెరికా సైన్యం వాడుకుంది, వాళ్ళ విమానాలు అక్కడికొచ్చి మరమ్మత్తులు చేయించుకుని పోయేవి. మన కుర్రాళ్ళు పెద్ద పెద్ద ఇంజన్లు విప్పి బిగించడం నేర్చుకున్నది అక్కడ.

యుద్ధం ముగిశాక ఆ బి-24 లిబరేటర్లని కాన్పూరులో పోగేశారు. మళ్ళీ ఎవరూ ఎగరెయ్యకూడదని వాటిని కావాలనే పాడుచేశారు. పరికరాలు పగలగొట్టారు, ఒంటికి గునపాలతో బొక్కలు పొడిచారు, ఇంజన్లలో ఇసక పోశారు. 1948లో కాశ్మీరు యుద్ధం నడుస్తోంది, మనకి బరువైన బాంబరు లేదు, ఎవరూ అమ్మరు. అప్పుడు బెంగుళూరు ఫ్యాక్టరీవాళ్ళు ఆ తుక్కులోకి దిగారు. దీని ముక్క దానికి, దాని ముక్క దీనికి వేసి, ఎగరగలిగినంత మటుకు చేసి, కాన్పూరు నుంచి బెంగుళూరుకి ఎగరేసుకొచ్చారు. అక్కడ పూర్తిగా బాగుచేశారు. ఒకటి కాదు, రెండు కాదు, 42. ఆ ఏడాది నవంబరుకల్లా వాటితో 5వ స్క్వాడ్రన్ ఏర్పడింది, 1951లో 6వది. 1968 చివరిదాకా అవి మన వాయుసేనలో పనిచేశాయి, పుట్టిన దేశం వాళ్ళు తమవి కరిగించేసిన ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా.

ఆ తర్వాతది చూడండి. అమెరికాలో 18 వేలకు పైగా తయారైన రకం, మ్యూజియాలు తేరుకుని చూసేసరికి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. ఎక్కడున్నాయి మంచివి? ఇండియాలో. కెనడావాళ్ళు ఒక లైసాండర్ ఇచ్చి ఒకటి తీసుకున్నారు. అరిజోనాలోని పీమా మ్యూజియం ఒకటి 1969లో ఎగరేసుకుపోయింది. 1974లో ఒకటి ఆర్.ఏ.ఎఫ్. మ్యూజియానికి ఎగిరింది. ఇంకొకటి ఇంగ్లండు మీదుగా అమెరికా కాలింగ్స్ ఫౌండేషన్ చేతికొచ్చి, 1989లో మళ్ళీ గాల్లోకి లేచింది. ఒకటి మన పాలం మ్యూజియంలో ఉంది. అవి అంత దూరాలు ఎగిరి వెళ్ళగలిగాయంటే కారణం బెంగుళూరు ఫిట్టర్ల చెయ్యి.

ఆ కథ ఎక్కడ చదివినా ఒక పేరు వస్తుంది, వాటిని కాన్పూరు నుంచి ఎగరేసుకొచ్చిన పైలట్ జమ్‌షెడ్ మున్షీ గారిది. రావాల్సిందే, ఆ ధైర్యానికి దండం పెట్టాలి. మరి ఇసక తీసినవాళ్ళు? బొక్కలకి రేకులు తాపినవాళ్ళు? వాళ్ళు కథలో "మెకానిక్కులు" అని బహువచనం. ఆకాశంలో ఉన్నవాడికి పేరు, నేల మీదున్నవాడికి బహువచనం.

మా ఊళ్ళో ఒక పెద్దాయన ఉండేవాడు. బెంగుళూరు విమానాల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి అక్కడే రిటైరై ఊరొచ్చేశాడు. సాయంత్రం అరుగు మీద కూచుని "ఏమప్పా, ఇంజన్లో ఇసకుంటే ఎట్ల తీస్తావు, చెప్పు చూద్దాం" అని కాలేజీ పిల్లోళ్ళని అడిగేవాడు. మేం తెలీదు తాతా అంటే, ఒక్కొక్క సిలిండరు విప్పి కిరసనాయిల్లో కడిగిన వైనం చెప్పేవాడు. మధ్యలో కన్నడంలోకి పోయి మళ్ళీ తెలుక్కొచ్చేవాడు. ఆయనకి ఒక ఇనప ట్రంకు పెట్టె ఉండేది. అందులో చేతిరాత నోటు పుస్తకాలు, బోల్టుల సైజులు, పెన్సిలు బొమ్మలు, గేటు పాసులు, నలుగురు కుర్రాళ్ళు ఒక పెద్ద చక్రం పక్కన నించున్న ఫోటో. ఆయన 2003లో పోయారు. పెద్దకర్మ అయిన వారానికి ట్రంకు పాత సామాన్లవాడికి, కాగితాలు కిలోల లెక్కన వెళ్ళిపోయాయి. కొడుకు బాగా చదువుకున్నవాడే, మన ఫీల్డే. ఆయన్ని ఏమీ అనను, ఇల్లు ఖాళీ చేసే హడావుడి అందరికీ ఉంటుంది. కానీ ఆ కిలోల్లో పోయింది ఏ ఇంగ్లీషువాడూ ఎత్తుకుపోలేదు.

"బాంబర్లకి ఇంత గుడి కట్టడం అవసరమా?" అని ఒక మిత్రుడు అడిగాడు. ఈ మొత్తం గొడవలో బుర్ర పెట్టి అడిగిన ప్రశ్న ఇదొక్కటే. అవసరం లేదు, గుడి వద్దు. చరిత్ర కావాలి. చూడండి, 1918లో హైదరాబాదు నిజాము ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిష్ 110వ స్క్వాడ్రన్‌కి మొత్తం డి.హెచ్.9ఎ బాంబర్లు కొనిపెట్టాడు. ఒక్కో విమానం మీద హైదరాబాద్ పేరు. ఆ డబ్బు చెట్లకి కాయలేదు, సంస్థానంలో శిస్తు కట్టిన రైతులది, వాళ్ళలో తెలుగువాళ్ళు ఎంతోమంది. వాటిలో ఒకటి 1918 అక్టోబరు 5న జర్మన్లకి చిక్కి, బెర్లిన్లో ప్రదర్శనకెక్కి, రెండో యుద్ధంలో పోలండుకి చేరి, 1977లో పోలిష్‌వాళ్ళకి ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి ఇంగ్లీషువాళ్ళు వెనక్కి తెచ్చుకుంటే, ఇప్పుడు ఆర్.ఏ.ఎఫ్. మ్యూజియంలో ఉంది. అదే రకం విమానాలు 1925లో వజీరిస్తాన్ గూడేల మీద బాంబులు వేశాయి. మన రైతు డబ్బు, మన సరిహద్దు గూడెం, రెండూ ఒకే రకం యంత్రానికి రెండు కొసలు. రెండో యుద్ధంలో మావైపూ వదల్లేదు. అప్పుడు అనంతపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఆ ప్రెసిడెన్సీ చందాల పేరు మీద 79, 234, 264 స్క్వాడ్రన్లున్నాయి. ఈ లెక్కలు మనం తవ్వి రాయకపోతే ఆ మ్యూజియం బోర్డు మీద నిజాం దాతృత్వం, పైలట్ల సాహసం మాత్రమే ఉంటాయి. వాళ్ళు రాసుకున్నది వాళ్ళ కథ, తప్పేముంది? మన కథ కూడా వాళ్ళే రాసిపెట్టాలా?

వల్టీ వెంజన్స్ అని ఇంకొకటుంది. బర్మా యుద్ధంలో మన వాయుసేన 7, 8 స్క్వాడ్రన్ల కుర్రాళ్ళు నిట్టనిలువుగా డైవు కొట్టి బాంబులేసిన విమానం. ఆ హైదరాబాదు 110వ స్క్వాడ్రన్‌ కూడా బర్మాలో దాన్నే నడిపింది. 1900 పైచిలుకు తయారయ్యాయి, మన దగ్గర ఒక్కటి కూడా లేదు. ప్రపంచం మొత్తమ్మీద దాదాపు పూర్తిగా మిగిలింది ఒకటే, ఆస్ట్రేలియాలో. దాని గురించి ఎవరైనా ఫార్వర్డు పంపారా? పంపరు, ఎందుకంటే అందులో తిట్టడానికి ఇంగ్లీషువాడు లేడు.

మనవాళ్ళు ఎవరూ ఏమీ చెయ్యట్లేదంటే అబద్ధమవుతుంది. జగన్ పిల్లారిశెట్టి అని ఒకాయన (ఇంటిపేరు చూస్తేనే మనవాడనిపిస్తుంది) భారత వాయుసేన చరిత్ర మీద ఏళ్ళ తరబడి పనిచేస్తున్నాడు. దేశంలో ఏ పాత విమానం ఏ కూడలిలో, ఏ కాలేజీ ఆవరణలో, ఏ నంబరుతో నిలబడి ఉందో పట్టిక కట్టాడు. సమీర్ చోప్రాతో కలిసి 1965 యుద్ధం మీద 2005లో పుస్తకం, బంగ్లాదేశ్ యుద్ధం మీద 2013లో ఇంకో పుస్తకం తెచ్చాడు. విమానాల నంబర్ల పట్టిక ఏం గొప్ప అంటారేమో, బగ్ ట్రాకర్ లేకుండా ఒక్క ప్రాజెక్టు నడిపి చూపించండి.

వైజాగ్ బీచిలో 2017లో టి.యు.-142 విమానం పెట్టారు. మంచి పనే, పిల్లల్ని తీసుకెళ్ళండి. లోపలికెళ్ళి సెల్ఫీ దిగడానికి అరగంట చాలు. దాన్ని నడిపినవాళ్ళు, ముఖ్యంగా దాన్ని బాగుచేసినవాళ్ళు, ఇంకా బతికే ఉన్నారు, ఆ ఊళ్ళోనూ ఉండే ఉంటారు. ఒక ఆదివారం వాళ్ళలో ఒకర్ని కూర్చోబెట్టి రెండు గంటలు రికార్డు చెయ్యడానికి ఏ కేంద్ర మంత్రి అనుమతీ అక్కర్లేదు.

అన్నట్టు, హేమావతి శిల్పాలు మద్రాసు మ్యూజియంలో ఉన్నాయని కూడా మా జిల్లావాళ్ళం బాగానే ఏడుస్తాం. నొలంబుల రాజధాని హేమావతి మా గుడిబండ నుంచి బైకు మీద గంట లోపు. అక్కడ మిగిలిన శిల్పాలు అక్కడే ఉన్నాయి, వాటిని చూడ్డానికి ఏడ్చేవాళ్ళలో ఎంతమంది పోయారో మీకూ తెలుసు నాకూ తెలుసు.

సరే. ఉగాదికి ఊరికి పోతున్నా, నాలుగు రోజులుంటా. చేతి స్కానరు ఒకటి కొన్నాను, చిన్నదే, సంచిలో పడుతుంది. గుడిబండ, మడకశిర, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు మీ ఇళ్ళలో తాతలెవరైనా బెంగుళూరు విమానాల ఫ్యాక్టరీలోనో, వాయుసేనలో నేల మీద పనిలోనో చేసి ఉంటే, అటక మీద పెట్టె ఉంటే, అమ్మకండి. నేనే వస్తా. కాగితం మీ ఇంట్లోనే ఉంటుంది, నాకు బొమ్మ చాలు. ఫోటోలో ఎవరెవరున్నారో చెప్పగలిగే ముసలమ్మ ఇంట్లో ఉంటే ముందు అక్కడికే వస్తా, స్కానరు తర్వాత. వ్యాఖ్యల్లో ఊరి పేరు రాయండి చాలు, ఇల్లు కనుక్కుంటా.

"మన విమానాలు మనకిచ్చేయాలి" అని వ్యాఖ్య రాసేవాళ్ళు మాత్రం, దాన్ని ఏ కొట్టంలో పెడతారో కూడా రాయండి :-)